ఆయాసానికి కారణం గుండె అయితే: మైట్రల్ వాల్వు ఇరుకయ్యే జబ్బుపై ప్రసంగం

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నన్ను గుండె జబ్బుల గురించి మాట్లాడమన్నారు. అదంతా గంటలో తెమిలే వ్యవహారం కాదు. పైగా గుండె జబ్బు అనగానే అందరికీ గుర్తొచ్చేవి గుండెపోటు, స్టెంటు, కొలెస్టరాల్. వాటి గురించి రోజూ టీవీలో వింటూనే ఉన్నారు. అందుకని టీవీలో పెద్దగా కనిపించని జబ్బు ఒకటి ఎంచుకున్నాను. గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు సన్నబడిపోవడం. డాక్టర్లు మైట్రల్ స్టెనోసిస్ అంటారు, కేస్ షీట్లో ఎంఎస్ అని రాస్తారు. ఇది యాభై దాటిన బిజీ మనిషికి వచ్చే జబ్బు కాదు. మన దగ్గర ఎక్కువగా ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్న ఆడవాళ్ళకు, అందులోనూ ఇరుకు ఇళ్ళలో పెరిగినవాళ్ళకు వస్తుంది.

ముందు వరసల్లో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, టీచర్లు కూర్చున్నారు, డాక్టర్లేమో వెనక ఉన్నారు. ఈ జబ్బుకు సంబంధించినంతవరకు ఆ కూర్చున్న వరసే సరైనది. ఎందుకంటే పెద్దాసుపత్రికి చేరాక దీన్ని ఎవరైనా కనిపెడతారు, గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే ఎకో మెషీన్ పెడితే చాలు. తప్పిపోయేది అంతకు ముందే. ఎన్నో ఏళ్ళపాటు ఆయాసపడుతూ తిరుగుతున్న మనిషిని పడుకోబెట్టి గుండె మీద స్టెతస్కోప్ పెట్టేవాళ్ళు లేక తప్పిపోతోంది.

నా దగ్గరికి వచ్చేసరికి ఈ రోగులకు అప్పటికే వేరే పేర్లు పెట్టి ఉంటాయి. కొందరికి ఉబ్బసం అని. రాత్రి పడుకుంటే దగ్గు, ఊపిరాడక లేచి కూర్చోవడం, ఛాతీలో పిల్లికూతలు, ఇవన్నీ ఉబ్బసంలానే ఉంటాయి మరి. డెరిఫిలిన్ సూది వేస్తారు, నెబులైజర్ పెడతారు. ఆ మందులకు గుండె వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే ఈ జబ్బులో ఏమవుతుందో కాసేపట్లో చెప్తాను. ఇంకొందరికి టీబీ అని పేరు పెడతారు. దగ్గితే కళ్ళెలో రక్తం పడుతుంది, మనిషి చిక్కిపోయి ఉంటుంది. కళ్ళె పరీక్షలో ఏమీ రాకపోయినా టీబీ మందులు మొదలవుతాయి. మూడో పేరు అన్నిటికంటే మామూలుది: నీరసం. నీరసం అంటే మన ఊళ్ళలో మందేమిటో మీకు తెలుసు. గ్లూకోజ్ బాటిల్! సన్నబడిన మైట్రల్ వాల్వు ఉన్న మనిషికి లీటరు సెలైన్ గబగబా ఎక్కిస్తే ఆ రాత్రికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి నురగ కక్కుకునే పరిస్థితి రావచ్చు. ఆర్ఎంపీలను తిట్టడానికి చెప్పడం లేదు. రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే పలికేది వాళ్ళే. కానీ బాటిల్ పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగమంటాను: "అమ్మా, వెల్లకిలా పడుకోగలుగుతున్నావా?"

వాల్వు సన్నబడితే గుండెలో జరిగేదేమిటో చూద్దాం. చెరువూ తూమూ అందరికీ తెలిసినవే. ఎడమ పై గది చెరువు అనుకోండి, కింది గది ఆయకట్టు. మధ్యలో తూము మైట్రల్ వాల్వు. తూము పూడుకుపోతే రెండు జరుగుతాయి. కిందికి నీళ్ళు సరిగా అందవు, వెనక చెరువులో నీటిమట్టం ఎగదన్నుతుంది. ఈ చెరువుకు వెనకున్నది ఊపిరితిత్తులు. ఒత్తిడి అక్కడికి చేరుతుంది, ఆయాసం వస్తుంది. ఇంకా పెరిగితే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కి, కుడివైపు గుండె అలసిపోయి, కాళ్ళు పొంగుతాయి, పొట్టలో నీరు చేరుతుంది. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఎడమ కింది గది, అంటే గుండెలో అసలు పంపు, ఈ జబ్బులో చాలామందికి బాగానే ఉంటుంది. తూము తెరిస్తే చాలు, చాలావరకు తిరిగి మామూలవుతుంది. గుండె జబ్బుల్లో ఇంత అదృష్టం ఉన్నవి ఎక్కువ లేవు.

మామూలు మైట్రల్ వాల్వు తెరుచుకున్నప్పుడు దాని వైశాల్యం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అది 1.5కి తగ్గితే తీవ్రమైన జబ్బు కింద లెక్క. 1కి పడిపోతే అతి తీవ్రం. అయితే రోగికి ఆయాసం రావడం ఈ అంకె మీద మాత్రమే ఆధారపడదు. సమయం మీద కూడా ఆధారపడుతుంది. ఈ జబ్బును అర్థం చేసుకోవడానికి నాకు తెలిసిన దగ్గరి దారి ఇదే, కాబట్టి దీని మీద ఇంకో రెండు నిమిషాలు ఉంటాను.

గుండె ముడుచుకున్నప్పుడు మైట్రల్ వాల్వు మూసి ఉంటుంది. వదులైనప్పుడు తెరుచుకుంటుంది, రక్తం కిందికి దిగుతుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో చక్రంలో సగానికి పైగా సమయం ఈ దిగడానికే ఉంటుంది. 120కి పోతే చక్రం మొత్తం అర సెకను. ముడుచుకునే సమయం పెద్దగా తగ్గదు, కోత పడేది నింపుకునే సమయానికే. వాల్వు మామూలుగా ఉన్నవాళ్ళకు అది లెక్కలోకి రాదు. ఇరుకు వాల్వు ఉన్నవాళ్ళకు రక్తం దిగే తీరిక ఉండదు, పై గదిలో ఒత్తిడి ఒక్కసారిగా లేస్తుంది. అందుకే నిన్నటిదాకా ఇంటి పనులన్నీ చేసుకున్న మనిషి జ్వరం వస్తే, రక్తహీనత పెరిగితే, నీళ్ళ బిందెతో మెట్లెక్కితే, థైరాయిడ్ ఎక్కువైతే, గర్భం వస్తే హఠాత్తుగా కుప్పకూలుతుంది. వాల్వు రాత్రికి రాత్రి సన్నబడలేదు, గుండె వేగమే పెరిగింది. డెరిఫిలిన్ సంగతి తర్వాత చెప్తానన్నది అందుకే. మందుల్లోనూ అదే సూత్రం: బీటా బ్లాకర్ మాత్రలు గుండె వేగాన్ని తగ్గిస్తాయి, లాసిక్స్ లాంటివి నీటిని తోడేస్తాయి. ఈ రెంటితోనే చాలామందికి ఆయాసం బాగా తగ్గుతుంది. తగ్గింది కదా అని వాల్వు సంగతి మర్చిపోతే మాత్రం ప్రమాదం. మాత్రలు వాల్వును తెరవలేవు.

వాల్వు ఎందుకు సన్నబడుతుంది? ముసలితనంలో వాల్వు చుట్టూ సున్నం పేరుకుని సన్నబడటం ఉంది, డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళలో కూడా చూస్తాం. పుట్టుకతో వచ్చేది చాలా అరుదు. అవి పక్కన పెడితే మన దేశంలో కారణం దాదాపు ఒక్కటే, రుమాటిక్ జ్వరం. ఐదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ మధ్య పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల గొంతునొప్పి వస్తుంది. రెండు మూడు వారాల తర్వాత, గొంతు మానిపోయాక, జ్వరమూ కీళ్ళనొప్పులూ మొదలవుతాయి. బాక్టీరియా మీదికి తయారైన రోగనిరోధక కణాలు గుండె వాల్వులను కూడా శత్రువే అనుకుని దాడి చేస్తాయి. ఒకసారి వస్తే మళ్ళీ మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. వచ్చిన ప్రతిసారీ వాల్వు రెక్కలు ఇంకొంచెం మందమవుతాయి, అంచులు అతుక్కుంటాయి.

టీచర్లకు ఒక మాట. కీళ్ళనొప్పి ఇందులో ఒకచోట నిలవదు. ఇవాళ మోకాలు వాస్తుంది, రెండు రోజులకు అది తగ్గి చీలమండ, తర్వాత మణికట్టు. అమ్మ "పెరిగే వయసు నొప్పులు" అంటుంది. కొంతమంది పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, చేతులు వాటంతటవే ఎగురుతాయి, గ్లాసు జారిపోతుంది, చేతిరాత పాడవుతుంది, మొహం చిట్లిస్తారు. క్లాసులో వెక్కిరిస్తోందని కొడతారు కూడా. అది కొరియా అనే జబ్బు, రుమాటిక్ జ్వరంలో భాగం. అలాంటి పిల్లను కొట్టకండి, డాక్టరుకు చూపించండి.

వెనక కూర్చున్న డాక్టర్లకు ఇంకో మాట. ఏఎస్ఓ టైటర్ అనే రక్తపరీక్షలో అంకె ఎక్కువ ఉందని ఒక్క కారణంతో రుమాటిక్ జ్వరం అని ముద్ర వేయకండి. అది గొంతులో స్ట్రెప్టోకాకస్ వచ్చివెళ్ళిందని మాత్రమే చెప్తుంది. ఆ కాగితం పట్టుకుని ఏళ్ళ తరబడి పెనిసిలిన్ సూదులు వేయించుకున్న ఆరోగ్యవంతులైన పిల్లలను చూశాను. మరోవైపు నిజంగా జబ్బున్నవాళ్ళకు ఒక్క సూదీ పడదు. రుమాటిక్ జ్వరాన్ని గుర్తించడానికి 1944లో అమెరికా వైద్యుడు డకెట్ జోన్స్ పెట్టిన ప్రమాణాలు, 2015లో మారిన రూపంలో ఇప్పటికీ ఉన్నాయి, వాటినే పట్టుకోవాలి.

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో జ్వరానికీ వాల్వు సన్నబడటానికీ మధ్య ఇరవై, ముప్ఫై ఏళ్ళు పడుతుందని ఉంటుంది. మన దగ్గర అలా కాదు. 1963లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పనిచేసిన ఎస్.బి. రాయ్, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఇరవై ఏళ్ళలోపు పిల్లల్లోనే వాల్వు తీవ్రంగా సన్నబడటాన్ని ప్రపంచానికి చూపించిన వ్యాసం అది. పన్నెండేళ్ళ పిల్లకు బెలూన్‌తో వాల్వు తెరవాల్సిన పరిస్థితి ఇంకా మన వార్డుల్లో ఉంది. మళ్ళీ మళ్ళీ ఇన్ఫెక్షన్ రావడం, దాన్ని ఆపే పెనిసిలిన్ సూది పడకపోవడం దీనికి ముఖ్య కారణాలు.

ఇక కనిపెట్టడం గురించి. ఆయాసం ఎప్పటి నుంచి అని అడిగితే "ఈ మధ్యే" అంటారు. నమ్మకండి. ఏళ్ళ తరబడి మెల్లగా పనులు తగ్గించుకుంటూ వస్తారు, తగ్గించుకున్నామని వాళ్ళకే తెలియదు. "పోయినేడు నాట్లకు వెళ్ళావా? ఈ ఏడు వెళ్ళావా? ఎందుకు మానేశావు?" అని అడగండి, అప్పుడు నిజం బయటికొస్తుంది. ఎన్ని తలగడలు పెట్టుకుంటుందో అడగండి. గుండె దడ ఉందా, గొంతు బొంగురు పోయిందా అడగండి. పై గది బాగా ఉబ్బి స్వరపేటికకు వెళ్ళే నరాన్ని ఇబ్బంది పెడితే గొంతు మారుతుంది. పై గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే, ఒక్కోసారి ఈ జబ్బు పక్షవాతంతోనే మొదటిసారి బయటపడుతుంది. ముప్ఫై ఏళ్ళ మనిషికి చెయ్యీ కాలూ పడిపోతే మెదడు స్కాన్ చేసి ఊరుకోకుండా గుండె కూడా వినాలి.

వినడం ఎలా? కుర్చీలో కూర్చోబెట్టి, చీర మీద నుంచి స్టెత్ ఆనిస్తే ఈ జబ్బు వినబడదు. ఇది మన ఓపీల్లో రోజూ జరిగే తప్పు. రద్దీ ఒక కారణం, మొహమాటం ఇంకో కారణం. పక్కన నర్సునో, వాళ్ళ అమ్మనో నిలబెట్టుకుని, బల్ల మీద పడుకోబెట్టండి. ఎడమ పక్కకు తిరగమనండి. గుండె కొన దగ్గర స్టెతస్కోప్ గుంట వైపు, అంటే బెల్, తేలిగ్గా ఆనించండి. గట్టిగా నొక్కితే ఆ సన్న శబ్దం పోతుంది. మొదటి శబ్దం మామూలుకంటే గట్టిగా, టప్‌మని వినబడుతుంది. రెండో శబ్దం తర్వాత వెంటనే ఇంకో చిన్న టిక్కు, అది వాల్వు తెరుచుకున్న చప్పుడు. దాని వెనక దూరంగా ఉరిమినట్టు మంద్రమైన గరగర. అనుమానంగా ఉంటే పది గుంజీలు తీయించో, రెండుసార్లు లేపి కూర్చోబెట్టో మళ్ళీ పడుకోబెట్టి వినండి, వేగం పెరిగితే గరగర స్పష్టమవుతుంది. ఆయాసంతో మాట్లాడలేకపోతున్న మనిషి చేత గుంజీలు తీయించేరు, అలాంటివాళ్ళకు వద్దు!

రెండో శబ్దానికీ ఆ టిక్కుకూ మధ్య వ్యవధి ఎంత తక్కువైతే వాల్వు అంత ఎక్కువ సన్నబడిందని అర్థం. గరగర ఎంత గట్టిగా ఉందన్నది ముఖ్యం కాదు, ఎంతసేపు ఉందన్నదే ముఖ్యం. బాగా ముదిరిన జబ్బులో రక్తప్రవాహమే తగ్గిపోయి గరగర దాదాపు వినబడకపోవచ్చు కూడా. పుస్తకాల్లో బుగ్గలు ఎర్రబడతాయని రాసి ఉంటుంది. మన చర్మం రంగులో అది కనబడదు, దాని కోసం వెతకకండి.

ఈసీజీ, ఎక్స్‌రే అనుమానాన్ని బలపరుస్తాయి, అంతే. ఈసీజీలో ఏఎఫ్, అంటే గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, కనిపిస్తే మాత్రం వెంటనే పట్టించుకోవాలి. నిర్ధారణ చేసేది ఎకో. మీరు టూడీ ఎకో అంటారు కదా, దాని పుట్టుకకూ ఈ జబ్బుకూ సంబంధం ఉంది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగె ఎడ్లర్ అనే డాక్టర్, హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త లోహాల్లో పగుళ్ళు వెతికే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని తెచ్చి గుండె మీద పెట్టారు. ఎడ్లర్‌కు కావాల్సింది ఆపరేషన్‌కు ముందు మైట్రల్ వాల్వు పరిస్థితి తెలుసుకోవడం. ఎకోకు మొదట దొరికిన పని ఈ వాల్వే.

ఎకోలో నేను చూసేవి నాలుగు. వాల్వు తెరుచుకున్నప్పుడు ఎంత వైశాల్యం ఉంది. దానికి అటూ ఇటూ ఒత్తిడి తేడా ఎంత. పక్క నుంచి వెనక్కి లీకు ఉందా. రెక్కలు ఎలా ఉన్నాయి: కదులుతున్నాయా, ఎంత మందం, సున్నం చేరిందా, కిందున్న తాళ్ళు అతుక్కుపోయాయా. ఈ చివరిదానికి 1988లో విల్కిన్స్, ఆయన సహచరులు మార్కులు పెట్టారు. ఒక్కో అంశానికి 4, మొత్తం 16. ఎనిమిది, అంతకంటే తక్కువైతే బెలూన్‌కు బాగా పనికొచ్చే వాల్వు. ఇక్కడ తక్కువ మార్కులొస్తేనే పాస్ అన్నమాట. రిపోర్టులో ఒత్తిడి తేడా చూసేటప్పుడు పక్కనే గుండె వేగం ఎంతో చూడండి. 110 వేగంలో కొలిచిన తేడా, 70లో కొలిచిన తేడా ఒకటి కాదు. బెలూన్‌కు ముందు ఇంకో పరీక్ష తప్పదు: నోటి ద్వారా గొట్టం వేసి చేసే ఎకో. ఎడమ పై గది మూలలో రక్తం గడ్డ ఉందేమో చూడాలి. గడ్డ ఉండగా బెలూన్ చేస్తే అది కదిలి మెదడుకు పోవచ్చు.

చికిత్స చరిత్ర కొంచెం చెప్పాలి, ఎందుకంటే అందులో హైదరాబాద్ కూడా ఉంది. 1902లో లండన్‌లో లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు ఈ వాల్వును ఆపరేషన్‌తో తెరవొచ్చని లాన్సెట్‌లో చిన్న వ్యాసం రాస్తే విమర్శలే వచ్చాయి. 1923లో బోస్టన్‌లో ఇలియట్ కట్లర్ ఒక అమ్మాయికి చేశారు. ఆమె బతికింది, కానీ ఆ తర్వాత చేసినవాళ్ళలో చాలామంది చనిపోవడంతో ఆపేశారు. 1925లో లండన్‌లో హెన్రీ సౌటర్ గుండె పై గదిలోకి వేలు దూర్చి వాల్వును తడిమారు. రోగి బతికి ఇంటికెళ్ళింది. అయినా ఏ ఫిజీషియనూ ఆయన దగ్గరికి రెండో రోగిని పంపలేదు. ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

తర్వాత ఇరవై మూడేళ్ళ నిశ్శబ్దం. 1948 జూన్ 10న ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీ ఒకే రోజు రెండు వేర్వేరు ఆసుపత్రుల్లో రెండు ఆపరేషన్లు పెట్టుకున్నారు. అంతకుముందు ఆయన రోగులు చనిపోయారు, ఇంకొకరు పోతే ఆపరేషన్ థియేటర్ తలుపు మూసేస్తారని ఆయనకు తెలుసు. పొద్దున చేసిన రోగి బల్ల మీదే పోయాడు. ఆ వార్త చేరేలోపు మధ్యాహ్నం రెండో ఆసుపత్రిలో చేశారు, ఆమె బతికింది. ధైర్యమా, మొండితనమా మీరే చెప్పండి. ఇవాళైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. ఆరు రోజులకు బోస్టన్‌లో డ్వైట్ హార్కెన్ కూడా విజయం సాధించారు. మన దేశంలో, గుండెను పూర్తిగా తెరవకుండా చేసే ఈ "క్లోజ్డ్" ఆపరేషన్‌ను వెల్లూరు సీఎంసీ పెద్ద ఎత్తున చేసింది. 1983లో స్టాన్లీ జాన్ బృందం 3,724 మంది రోగుల ఫలితాలను ప్రచురించింది. రాయలసీమ నుంచి వెల్లూరు వెళ్ళి ఎడమ రొమ్ము కింద కోత మచ్చతో తిరిగొచ్చిన పెద్దమ్మలు ఇప్పటికీ మా ఓపీకి వస్తుంటారు.

1982లో జపాన్‌లో కాంజీ ఇనోయె అనే సర్జన్ ఛాతీ కోయకుండా బెలూన్‌తో ఇదే పని చేశారు. 1985కల్లా ఢిల్లీలో పిల్లలకు, యువకులకు బెలూన్ చేసిన ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. అప్పుడు అందరికీ వచ్చిన సందేహం ఒక్కటే: బెలూన్ తేలికే, కానీ కత్తి చేసినంత పని చేస్తుందా? దానికి జవాబు హైదరాబాద్ నిమ్స్‌లో దొరికింది. గుండె డాక్టర్ సోమరాజు గారి బృందం అమెరికాలోని డెట్రాయిట్ డాక్టర్లతో కలిసి రోగులను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి పోల్చింది. మొదట క్లోజ్డ్ ఆపరేషన్‌తో పోల్చారు, 1991లో ప్రచురించారు. తర్వాత గుండెను తెరిచి చేసే ఆపరేషన్‌తో 60 మందిలో పోల్చి, 1994లో ప్రచురించారు. మూడేళ్ళ తర్వాత చూస్తే బెలూన్ చేయించుకున్నవాళ్ళ వాల్వు సగటున 2.4 చదరపు సెంటీమీటర్లు, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళది 1.8. ప్రపంచమంతా చదివే పాఠ్యపుస్తకాలు ఈ విషయంలో చూపించే రోగులు మనవాళ్ళే. ఈ సంగతి మన మెడికల్ కాలేజీ పిల్లలకే చాలామందికి తెలియదు.

బెలూన్ రోజున ఏం జరుగుతుందో చెప్తాను, భయం పోవడానికి. మనిషికి మత్తు ఇవ్వరు, గజ్జల్లో మాత్రం తిమ్మిరి సూది వేస్తారు. అక్కడి సిరలోంచి సన్న గొట్టం కుడి పై గదిలోకి వెళ్తుంది. రెండు పై గదుల మధ్య గోడకు సూదితో చిన్న రంధ్రం చేసి ఎడమవైపుకు చేరతాం. మాకు చెమట పట్టేది ఆ ఒక్క నిమిషమే. బెలూన్ వాల్వు మధ్యలో నిలిపి, కొన్ని సెకన్లు ఉబ్బించి దించేస్తాం. బెలూన్ సైజు ఎత్తును బట్టి ఉంటుంది: సెంటీమీటర్లలో ఎత్తును పదితో భాగించి పది కలిపితే వచ్చే అంకె, మిల్లీమీటర్లలో. అతుక్కున్న అంచులు విడిపోతాయి. పై గది ఒత్తిడి అక్కడికక్కడే తెర మీద పడిపోతూ కనిపిస్తుంది. చాలామంది బల్ల మీద నుంచి దిగకముందే "ఛాతీ తేలికైంది సార్" అంటారు. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. ప్రమాదాలు లేవని చెప్పను. నూటికి కొద్దిమందిలో రెక్క చిరిగి లీకు ఎక్కువవుతుంది, అప్పుడు ఆపరేషన్ తప్పదు. గుండె చుట్టూ రక్తం చేరడం, పక్షవాతం అరుదు. తెలంగాణ ఆరోగ్యశ్రీలో, ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకంలో బెలూనూ వాల్వు మార్పిడీ రెండూ ఉన్నాయి. డబ్బు లేదని ఆగొద్దు.

వాల్వు మరీ గట్టిపడి సున్నం చేరితే, లీకు కూడా ఎక్కువుంటే బెలూన్ కుదరదు, వాల్వు మార్చాలి. లోహపు వాల్వుల్లో మన దేశం గర్వపడాల్సినది ఒకటుంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో గుండె సర్జన్ వలియత్తాన్ గారి నాయకత్వంలో తయారైన చిత్ర వాల్వును 1990 డిసెంబరులో మొదటిసారి అమర్చారు. దిగుమతి వాల్వు ధర భరించలేని ఎంతోమందిని అది బతికించింది.

లోహపు వాల్వు పెట్టినా, ఏఎఫ్ ఉన్నా రక్తం పలచబడే మాత్ర జీవితాంతం వాడాలి. మన దగ్గర అసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ ఇస్తాం. రక్తం ఎంత పలచబడిందో చెప్పే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష నెలనెలా చేయించుకోవాలి. ఆ రక్తపరీక్ష బాధ లేని కొత్త మాత్రలు వచ్చాయి కదా అని అడుగుతుంటారు. రుమాటిక్ జబ్బుతో ఏఎఫ్ వచ్చినవాళ్ళలో వాటిని పరీక్షించిన ఇన్విక్టస్ అధ్యయనం 2022లో వచ్చింది. పాత మందు వాడినవాళ్ళే ఎక్కువమంది బతికారు, రక్తస్రావం కూడా పెరగలేదు. లోహపు వాల్వులోనూ కొత్తవి పనికిరావు. కాబట్టి మందుల షాపులో మార్చి ఇస్తే తీసుకోకండి. ఆకుకూరలు మానేయమని కొందరు చెప్తారు, అక్కర్లేదు. పాలకూర, మునగాకు, తోటకూర రోజూ తినేవాళ్ళు రోజూ తినండి, వారమంతా మానేసి ఆదివారం కుండెడు తినకండి. ఒళ్ళునొప్పులకు సూది, డైక్లోఫెనాక్ మాత్ర మాత్రం ముట్టుకోవద్దు. రక్తం పలచబడే మాత్రతో ఈ నొప్పి మందు కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.

గర్భం గురించి. గర్భిణిలో రక్తంలోని ద్రవ భాగం దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. ఇందాక చెప్పిన లెక్క మీకు గుర్తుంటే, ఈ జబ్బును ఇంతకంటే బాగా రెచ్చగొట్టేది ఇంకొకటి లేదని తెలుస్తుంది. అయిదో నెల దాటాక ఆయాసం మొదలవుతుంది. ఇంట్లో "కడుపుతో ఉంటే ఆయాసం మామూలే" అంటారు. నడిస్తే కొంచెం ఆయాసం మామూలే. పడుకుంటే ఆయాసం, రాత్రి దగ్గుతో లేవడం, దగ్గులో రక్తం మామూలు కాదు. ఏఎన్ఎం అమ్మలూ, బీపీ, హిమోగ్లోబిన్ చూస్తున్నారు కదా, మొదటి విజిట్‌లోనే డాక్టరు చేత ఒకసారి గుండె వినిపించండి. మాత్రలతో చాలామందిని కాన్పు దాకా తీసుకెళ్ళొచ్చు. లొంగకపోతే అయిదో నెల నిండాక, పొట్ట మీద సీసం కవచం కప్పి బెలూన్ చేయొచ్చు, చేస్తున్నాం. కాన్పు అయిపోయింది కదా అని ఊపిరి పీల్చుకునేది లేదు. గర్భసంచి ముడుచుకుని అందులోని రక్తమంతా ఒక్కసారి గుండెకు చేరుతుంది, మొదటి రెండు మూడు రోజులే చాలా ప్రమాదం. ఆ తల్లిని ఇరవై నాలుగు గంటల్లో డిశ్చార్జి చేయకండి.

చివరిగా సూది. బెలూన్ వాల్వును తెరుస్తుంది, రుమాటిక్ జ్వరాన్ని ఆపదు. ఆపేది బెంజతీన్ పెనిసిలిన్, మీరు పెనిడ్యూర్ అంటారు. పెద్దవాళ్ళకు 12 లక్షల యూనిట్లు, చిన్నపిల్లలకు 6 లక్షలు, మూడు వారాలకొకసారి. వాల్వు దెబ్బతిన్నవాళ్ళకు కనీసం పదేళ్ళు లేదా నలభై ఏళ్ళు వచ్చేదాకా, ఏది ఎక్కువైతే అది. ఇది పాతకాలపు నమ్మకం కాదు. ఉగాండాలో లక్షణాలు లేకుండా ఎకోలో మాత్రమే జబ్బు కనబడిన పిల్లలకు రెండేళ్ళు ఈ సూది వేసి చూశారు, 2021లో ఫలితాలొచ్చాయి. సూది పడిన పిల్లల్లో 0.8 శాతానికే జబ్బు ముదిరింది, పడనివాళ్ళలో 8.2 శాతానికి. రియాక్షన్ భయంతో ప్రైవేటు క్లినిక్కులు ఈ సూది వేయనంటాయి. నిజమైన రియాక్షన్ చాలా అరుదు. అడ్రినలిన్ చేతికందేలా పెట్టుకుని, వేశాక అరగంట కూర్చోబెడితే సరిపోతుంది. ఒక మినహాయింపు ఉంది. వాల్వు అతి తీవ్రంగా సన్నబడి ఆయాసంతో ఉన్నవాళ్ళకు సూది నొప్పికి బీపీ పడిపోవడం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటివాళ్ళకు వాల్వు సంగతి తేలేదాకా మాత్రల రూపంలోనే ఇవ్వడం మంచిది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి ఒక తండ్రి: మా అమ్మాయికి బెలూన్ చేయించాం సార్. పెళ్ళి చేయొచ్చా? వాళ్ళకు చెప్పాలా?)

చేయొచ్చండీ. బెలూన్ తర్వాత వాల్వు బాగా తెరుచుకుని, లీకు లేకపోతే, పెళ్ళికీ పిల్లలకీ అడ్డం లేదు. గర్భం ప్లాన్ చేసుకునే ముందు ఒకసారి ఎకో చేయించాలి, అంతే. చెప్పాలా అంటే, చెప్పాలనే నేనంటాను. ఎందుకంటే దాచిన ఇంట్లో అమ్మాయి సూదికి వెళ్ళలేకపోతుంది, మాత్ర వేసుకోలేకపోతుంది. "పుట్టింటికెళ్ళినప్పుడు వేయించుకుంటాను" అంటుంది, వెళ్ళేది సంక్రాంతికి. మీకు కావాలంటే అబ్బాయి వాళ్ళను నా దగ్గరికి తీసుకురండి, రిపోర్టులు ముందు పెట్టుకుని నేనే మాట్లాడతాను. అలా మాట్లాడాక వెనక్కి తగ్గినవాళ్ళూ ఉన్నారు, ఒప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇంకో సంగతి, వాల్వు మార్చాల్సి వస్తే, ఇంకా పిల్లలు కావాల్సిన అమ్మాయి విషయంలో ఏ వాల్వు పెట్టాలన్నది ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. లోహపు వాల్వు పెడితే వాడాల్సిన రక్తం పలచబడే మాత్ర మొదటి మూడు నెలల్లో బిడ్డకు హాని చేయగలదు, మానేస్తే తల్లి వాల్వులో గడ్డ కట్టొచ్చు. రెండు వైపులా కత్తే.

(ఒక ఆశా కార్యకర్త: బెలూన్ చేశాక మళ్ళీ సన్నబడుతుందా సార్?)

సన్నబడొచ్చమ్మా. వెంటనే కాదు. మంచి వాల్వుకు మంచి ఫలితం వస్తే పది, పదిహేనేళ్ళు, కొందరికి అంతకంటే ఎక్కువ గడుస్తుంది. సూది మానేసినవాళ్ళకు త్వరగా వస్తుంది. ఏడాదికోసారి ఎకో చేయిస్తే ముందే తెలుస్తుంది. మళ్ళీ అతుక్కున్నవి అంచులే అయితే రెండోసారి కూడా బెలూన్ చేయొచ్చు, మూడోసారి చేసినవాళ్ళూ ఉన్నారు. రెక్కలే గట్టిపడిపోతే వాల్వు మార్చాలి. మీ రిజిస్టర్లో బెలూన్ చేయించుకున్నవాళ్ళ పేరు పక్కన చివరి సూది తేదీ రాసుకుంటున్నారా? లేదా? అయితే రేపటి నుంచి రాయండి. మూడు వారాలు దాటితే వాళ్ళకు ఫోన్ చేయండి.